అకిహబరాలో వాల్యూమ్ నాబ్ వేట

టోక్యో వెళ్లొచ్చిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్ల ఇన్‌స్టాలో అకిహబరా ఫొటో ఒకటైనా ఉంటుంది. నిలువెత్తు అనిమే బొమ్మలు, మెరిసే బోర్డులు, మెయిడ్ కెఫేల కరపత్రాలు పంచే అమ్మాయిలు, గేమ్ సెంటర్ల గోల. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అవే ఫొటోలు తీసుకున్నాను. రెండోసారి నుంచి మాత్రం నా దారి వేరు. స్టేషన్‌లో ఎలక్ట్రిక్ టౌన్ గేటు దాటగానే జనమంతా బొమ్మల షాపుల వైపు నడిస్తే, నేను రైలు పట్టాల కిందికి దూరేదాన్ని.

నేను వెతుకుతున్నది ప్రీయాంప్. ఆఫీసు ప్రాజెక్టు మీద ఎనిమిది నెలలు కవాసాకీలో ఉన్నాను. అలవెన్సులో మిగిల్చింది 5 లక్షల యెన్లు, మన లెక్కలో మూడు లక్షల రూపాయలకు దగ్గర. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పవర్ యాంప్ ఉంది, మంచి స్పీకర్లు ఉన్నాయి, నాన్న దాచుకున్న రికార్డులు రెండు అల్మారాల నిండా ఉన్నాయి. మధ్యలో ఒక్క పెట్టె తక్కువ. ప్రపంచంలోనే మంచి ప్రీయాంప్‌లు తయారయ్యే దేశంలో ఉండి అది కొనకుండా ఎలా వస్తాను?

వీడియో కాల్‌లో ఈ మాట చెబితే అమ్మ ఒక్కటే అడిగింది. "పాట వినడానికి మూడు లక్షలా తల్లీ? ఆ డబ్బుతో లోను కిస్తీలు ఎనిమిది తీరతాయే!"

సరైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి నాకు ఆరు శనివారాలు పట్టింది.

పట్టాల కింద కోఠి

అకిహబరా ఒకప్పుడు సరుకు రవాణా స్టేషన్. 1890లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ చుట్టుపక్కల రోడ్ల మీద రేడియో సామాన్ల తోపుడు దుకాణాలు వెలిశాయి. దగ్గర్లోనే ఎలక్ట్రికల్ కాలేజీ ఉండేది. పిల్లలు వాల్వులు, కండెన్సర్లు కొనుక్కెళ్లి సొంతంగా రేడియోలు బిగించేవాళ్లు. 1949లో రోడ్డు మీది దుకాణాలు తీసేయాలని అప్పటి అమెరికన్ సైనిక పాలన ఆదేశించింది. అప్పుడు ఆ వ్యాపారుల్లో చాలామంది పట్టాల కిందికి, పక్క భవనాల్లోకి చేరారు. రేడియో సెంటర్, రేడియో డిపార్ట్‌మెంట్ స్టోర్ అనే పేర్లతో అవి ఇప్పటికీ ఉన్నాయి.

హైదరాబాద్ వాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, మన కోఠి గుజరాతీ గల్లీని ఒక రైల్వే వంతెన కింద మడతపెట్టి పెట్టినట్టు ఉంటుంది. సందు ఎంత ఇరుకంటే ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాలి. ఒక్కో కొట్టు మన పాన్ డబ్బా అంత. ఒకతను స్విచ్చులే అమ్ముతాడు. పక్కాయన వైర్లే. ఇంకో పెద్దాయన దగ్గర చిన్న చిన్న ట్రేలలో వాల్యూమ్ కంట్రోళ్లు, సైజుల వారీగా, బియ్యంలో రాళ్లు ఏరినంత శుభ్రంగా. తలమీద రైలు వెళ్లిన ప్రతిసారీ ట్రేలు సన్నగా మోగుతాయి.

ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. మామూలువి కొన్ని వందల యెన్లు. ఆడియోవాళ్లు ఇష్టపడే నీలం పెట్టె లాంటి ఆల్ప్స్ కంట్రోల్ కొన్ని వేలు. పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, నా జపనీస్ అంతంతమాత్రం. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి "దేనికి?" అని అడిగాడు. "ప్రీయాంప్" అన్నాను. నవ్వి, చేతిలోని నీలం ముక్కనే చూపించాడు. సగం ప్రీయాంప్ ఇదేగా అన్నట్టు.

ఆ రోజు నవ్వు అర్థం కాలేదు గానీ, అందులో నిజం ఉంది.

ఇంతకీ ఆ పెట్టె చేసే పనేంటి?

ఫోన్‌లో పాటలు వినేవాళ్లకి ఈ పేరే కొత్త. సింపుల్‌గా చెబుతాను. స్పీకర్‌ని కదిలించేది పవర్ యాంప్. దానికి బలం ఉంటుంది గానీ విచక్షణ ఉండదు. ఏది ఇస్తే దాన్ని ఇరవై, ఇరవై అయిదు రెట్లు పెంచి స్పీకర్‌కి తోసేస్తుంది. దాని ముందు కూర్చుని ఏ పాట రావాలి, ఎంత రావాలి అని నిర్ణయించేది ప్రీయాంప్. సెలెక్టర్ నాబ్ ఒకటి, వాల్యూమ్ నాబ్ ఒకటి. పైకి కనిపించేది అంతే.

ఒకప్పుడు దాని పని చాలా పెద్దది. గ్రామఫోన్ ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ అయిదు మిల్లీవోల్టులు ఉంటే గొప్ప. దాన్ని కొన్ని వందల రెట్లు పెంచాలి. పైగా రికార్డు గాడిలో బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. 1950ల మొదట్లో ఒక్కో రికార్డు కంపెనీ ఒక్కో లెక్కలో చెక్కేది. ఆ చిరాకు పడలేకే న్యూయార్క్‌లో సాల్ మరాంట్జ్ అనే డిజైనర్ తన ఇంట్లోనే ఒక ప్రీయాంప్ తయారు చేసుకున్నాడు. అదే తర్వాత ఒక కంపెనీ అయింది. 1954లో కంపెనీలన్నిటికీ ఒకే లెక్క ఖాయమైంది. 1958లో వచ్చిన మరాంట్జ్ మోడల్ 7ని జపాన్ ఆడియో పెద్దలు ఇప్పటికీ దేవుడి పటంలా చూస్తారు.

ఇప్పుడు లెక్క మారింది. సీడీ ప్లేయరైనా, ఫోన్ పాటని అనలాగ్‌గా మార్చే డాక్ పెట్టె అయినా దాదాపు 2 వోల్టులు ఇస్తుంది. పవర్ యాంప్ దాన్ని 25 రెట్లు పెంచితే 50 వోల్టులు. కానీ 8 ఓమ్‌ల స్పీకర్‌లోకి 100 వాట్లు పోవడానికి 28 వోల్టులు చాలు! అంటే ప్రీయాంప్ పెంచాల్సింది ఏమీ లేదు. తగ్గించాలి. చెడగొట్టకుండా తగ్గించాలి. పెద్దాయన నవ్వింది ఇందుకే.

మరి ఆ నీలం ముక్కనే ఒక డబ్బాలో బిగించుకుంటే పోలా? పోతుంది, నిజంగానే. దాన్ని పాసివ్ ప్రీయాంప్ అంటారు. కాకపోతే నాబ్ ఉన్న స్థానాన్ని బట్టి దాని అవుట్‌పుట్ నిరోధం మారుతుంది. కేబుల్ పొడవైతే పై స్వరాలు మసకబారతాయి. కేబుల్ పొట్టిగా, పవర్ యాంప్ పక్కనే ఉంటే బాగానే పనిచేస్తుంది. నా ఇంట్లో పవర్ యాంప్ స్పీకర్ల మధ్య, రికార్డ్ ప్లేయర్ సోఫా పక్కన. మధ్యలో అయిదు మీటర్ల కేబుల్. కాబట్టి నాకు అసలు సిసలు ప్రీయాంపే కావాలి.

మెట్లెక్కే కొద్దీ సున్నాలు

పట్టాల కింద నుంచి బయటికొచ్చి కాసేపు నడిస్తే డైనమిక్ ఆడియో 5555 అనే బిల్డింగ్ వస్తుంది. ఏడంతస్తులు, మొత్తం ఆడియోనే. స్టేషన్‌కి అవతలి వైపు 2005లో వచ్చిన యోదొబాషి కెమెరా మాల్‌లోనూ ఆడియోకి విడిగా జాగా ఉంది. హెడ్‌ఫోన్లు మాత్రమే కావాలంటే అక్కడే ఒక రోజంతా గడిచిపోతుంది.

పెద్ద ప్రీయాంప్‌ల ముందు నిలబడితే ముందు కనిపించేది అందం. అక్యుఫేజ్ వాళ్ల లేత బంగారు రంగు ముఖం, నున్నగా తిరిగే నాబ్. ఈ కంపెనీ 1972లో పుట్టింది, యోకొహామాలో ఉంది. లక్స్‌మన్ ఇంకా పాతది. 1925లో ఒసాకాలో పటాలకు ఫ్రేములు కట్టే షాపులో రేడియో విభాగంగా మొదలైంది! మన ఊళ్లో దేవుడి పటాలు కట్టే కొట్టు నుంచి అంతర్జాతీయ కంపెనీ పుట్టడం లాంటిది.

ధర చీటీలు చూస్తే గుండె ఆగుతుంది. పది లక్షల యెన్లు, పదిహేను, ఇరవై దాటినవీ ఉన్నాయి. ఒక నాబ్‌కి అంత ఎందుకు అంటారా? ఒక్క ఉదాహరణ. మామూలు వాల్యూమ్ కంట్రోల్‌లో కార్బన్ పూత మీద ఒక లోహపు నాలుక జరుగుతుంది. అక్యుఫేజ్ పెద్ద మోడళ్లలో ఆ పూతే లేదు. సంగీతాన్ని 16 వాటాలుగా చేస్తారు, ప్రతి వాటా ముందుదానిలో సగం. మన కిరాణా కొట్టు తక్కెడ రాళ్లు గుర్తున్నాయా? అవి కిలో, అరకిలో, పావుకిలో, నూట పాతిక గ్రాములు అనుకోండి. కావాల్సిన రాళ్లు వేసి ఏ తూకమైనా తూచినట్టు, కావాల్సిన వాటాలు కలిపి ఏ వాల్యూమ్ అయినా తెస్తారు. 16 రాళ్లతో 65,536 తూకాలు. నాబ్ తిప్పితే లోపల సంగీతం దాని గుండా పోదు. ఏ రాళ్లు వేయాలో చెబుతుంది, అంతే.

అది చదివి ముచ్చటపడ్డాను. కానీ ముచ్చట వేరు, కొనడం వేరు.

చెవి మోసం చేస్తుంది, మీటర్ చేయదు

నేను విన్నది ఆ వీధిలోనే ఒక చిన్న షాపులో. ముందే ఫోన్ చేసి టైమ్ తీసుకున్నాను. షాపాయనకి యాభై దాటి ఉంటాయి. నా ఇంటి గది కొలతలు, స్పీకర్లు, పవర్ యాంప్ వివరాలు కాగితం మీద రాసుకుని, నా దగ్గరున్న దానికి దగ్గరగా ఉండే సెట్ కలిపి పెట్టాడు. మూడు ప్రీయాంప్‌లు వరసలో. చిన్నది లక్షన్నర యెన్లు, మధ్యది నాలుగు లక్షలకు కాస్త పైన, పెద్దది పద్నాలుగు లక్షలు. పెద్దది నా బడ్జెట్ కాదని ఇద్దరికీ తెలుసు. "విన్నాక కదా ఏది వద్దో తెలిసేది" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. రెండు పెట్టెల్ని పోల్చేటప్పుడు ఒకటి అర డెసిబెల్ గట్టిగా మోగినా సరే, అది "ఎక్కువ సౌండ్" అని మనకి తెలియదు. "ఎక్కువ బాగుంది" అనిపిస్తుంది. అందుకే పట్టాల కింద కొన్న చిన్న మల్టీమీటర్ తీసుకెళ్లాను. ఒక టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజి మూడింటికీ ఒకేలా సరిచేశాం. ఆయన నవ్వలేదు. తన పెద్ద మీటర్ తెచ్చి ఇంకోసారి చూశాడు.

నా పాటలు నేనే తీసుకెళ్లాను. ఘంటసాల గారి పాత పాట ఒకటి, బాలమురళి గారి కచేరీ ముక్క, "శంకరాభరణం" నుంచి ఒకటి, ఇళయరాజా బేస్ గిటార్ గట్టిగా ఉన్న పాట ఒకటి. తెలిసిన పాటైతేనే తేడా దొరుకుతుంది. షాపువాళ్ల డెమో పాటలు ఏ పెట్టెలోనైనా బాగానే ఉంటాయి.

మామూలు సౌండ్‌లో చిన్నదానికీ మధ్యదానికీ తేడా ఉందనిపించింది, కొంచెం. మధ్యదానికీ పెద్దదానికీ? ఆయన్ని చెప్పకుండా మార్చమని, నేను కళ్లు మూసుకున్నాను. ఆరుసార్లలో మూడుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది.

అప్పుడు ఆయన ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. "మీ ఇంట్లో ఏ టైములో వింటారు?"

ఆలోచిస్తే, రాత్రి పది తర్వాతే. నేను ఆఫీసు నుంచి వచ్చి, తిని, కూర్చునేసరికి అంతే అవుతుంది. నాన్న కూడా అప్పుడే రికార్డు తీస్తారు. పక్క గదిలో అమ్మ నిద్ర, పై ఫ్లోర్‌లో పసిపాప ఉన్న కుటుంబం. మేం నాబ్‌ని ఎప్పుడూ గడియారంలో ఎనిమిది దాటించం. ఆయన వాల్యూమ్‌ని ఆ స్థాయికి, గుసగుసకి కాస్త పైకి, తగ్గించాడు.

చిన్న ప్రీయాంప్‌లో ఘంటసాల గారు మధ్యలోంచి లేచి ఎడమ స్పీకర్ పక్కకి వెళ్లి కూర్చున్నారు! ఇంకొంచెం తగ్గిస్తే కుడి స్పీకర్ దాదాపు నిద్రపోయింది.

కారణం మామూలుదే. ఒకే కడ్డీ మీద ఎడమకొకటి, కుడికొకటి రెండు కార్బన్ పూతలు ఉంటాయి. రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ముఖ్యంగా నాబ్ తిరగడం మొదలయ్యే చోట తేడా రెండు మూడు డెసిబెల్స్ కూడా ఉండొచ్చు. పైగా ఈ ప్రీయాంప్ సిగ్నల్‌ని అనవసరంగా చాలా రెట్లు పెంచే రకం. దాంతో మా బతుకంతా ఆ మొదటి అంగుళంలోనే గడుస్తుంది. మధ్యదాంట్లో కార్బన్ లేదు. చిన్న రిలేలు టిక్ టిక్‌మంటూ రెసిస్టర్లను మారుస్తాయి. అందులో ఘంటసాల గారు గుసగుసలో కూడా నడిమధ్యనే ఉన్నారు. పెద్దదాంట్లోనూ అంతే.

అదే నా జవాబు. నాకు కావాల్సింది గట్టిగా మోగేది కాదు. మెల్లగా పాడినా చెదరనిది. ఆ పని మధ్యది చేస్తుంది. దానిపైన పెట్టే ప్రతి యెన్ లోహానికీ, అందానికీ, ఇంజనీరు తపనకీ. వాటికి విలువ లేదనడం లేదు. మా ఇంట్లో రాత్రి పదికి అవి వినపడవు, అంతే.

నూరు వోల్టుల చిక్కు

మరి మధ్యది అక్కడే కొనేసి తెచ్చుకున్నానా? కార్డు బయటికి తీశాను. షాపాయన చేయి అడ్డంపెట్టినంత పని చేశాడు. "ఇండియాకి అయితే వద్దు."

జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు. మనకి 230. జపాన్ మార్కెట్‌కి చేసిన పెట్టెల్లో ఎక్కువ భాగం 100 వోల్టులకే కడతారు. మన ప్లగ్‌లో పెడితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకుంటారు. కానీ అది ఇంకో బరువు, సరైనది కాకపోతే ఇంకో గుయ్ శబ్దం. ఎప్పుడో ఒకరోజు చుట్టాలబ్బాయి తెలియక ప్లగ్ మార్చాడంటే కథ ముగిసినట్టే. పైగా ఆ పెట్టెకి వారంటీ జపాన్‌లోనే.

ఇక్కడో తమాషా సంగతి. జపాన్‌లో తూర్పు సగం 50 హెర్ట్జ్, పడమటి సగం 60 హెర్ట్జ్. 19వ శతాబ్దం చివర్లో టోక్యో జర్మనీ నుంచి జనరేటర్లు తెచ్చుకుంటే, ఒసాకా అమెరికా నుంచి తెచ్చుకుంది. ఒకే దేశంలో ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది. మనదీ 50 కాబట్టి టోక్యోతో ఆ ఒక్క పేచీ లేదు.

బరువు మరో లెక్క. పెద్ద ప్రీయాంప్‌లలో ఇరవై కిలోలు దాటినవి ఉన్నాయి. ఒక సూట్‌కేసు దానికే. వచ్చాక కస్టమ్స్ డ్యూటీ వేరే.

ఒక శనివారం పాత సామాను ఆశతో ఒచనొమిజుకీ వెళ్లాను. అకిహబరా నుంచి ఒక్క స్టేషన్, నడిచినా పావుగంటే. దారి పొడవునా గిటార్ షాపులు. అక్కడి ఆడియో యూనియన్ లాంటి చోట్ల వాడిన పెట్టెల మీద కూడా దుమ్ము కనిపించదు. ప్రతి గీతకీ చీటీ రాసి పెడతారు. చూసి ఆనందించాను. అవీ 100 వోల్టులవే. పక్కనే రికార్డు షాపులో రెండు జాజ్ ఎల్పీలు కొని తృప్తిపడ్డాను.

కొన్నది, మిగిలింది

చివరికి ప్రీయాంప్ కొన్నది హైదరాబాద్ వచ్చాకే. 230 వోల్టులది, రిలేలతో వాల్యూమ్ మార్చేది, పెంపు తక్కువగా పెట్టుకునే స్విచ్ ఉన్నది, ఇక్కడే సర్వీస్ దొరికేది. రికార్డ్ ప్లేయర్ కోసం విడిగా ఒక చిన్న ఫోనో పెట్టె. రెండూ కలిపి లక్షా ముప్ఫై వేలు. బిల్లు చేసే ముందు నా పాటలతో, రాత్రి వినే సౌండ్‌లో, అదే మల్టీమీటర్‌తో సరిచూసుకునే కొన్నాను. మిగతా డబ్బు ఫ్లాట్ లోనులోకి పోయింది.

మీలో ఎవరైనా ఈ దారిలో ఉంటే, షాపుకి వెళ్లే ముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి. మీరు వినేది ఏ మూలం నుంచి, డిజిటలా రికార్డులా. ప్రీయాంప్ నుంచి పవర్ యాంప్‌కి కేబుల్ ఎంత పొడవు. మీ పవర్ యాంప్ ఎన్ని రెట్లు పెంచుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీరు ఎంత సౌండ్‌లో వింటారు. షాపులో ముందు ఆ సౌండ్‌కి తగ్గించి, గాయకుడు మధ్యలోనే ఉన్నాడో లేదో చూడండి. తర్వాతే ధర చీటీ చూడండి. ఒక్క డాక్ నుంచే వినేవాళ్లైతే, అందులో మంచి వాల్యూమ్ ఉంటే, మీకు ప్రీయాంపే అక్కర్లేకపోవచ్చు కూడా.

టోక్యో వెళ్తే మాత్రం అకిహబరాకి ఒక శనివారం ఇవ్వండి. కొనకపోయినా వినొచ్చు. ముందుగా టైమ్ అడిగి వెళ్లండి, మీ పాటలు తీసుకెళ్లండి, కొనేవాళ్లు కాకపోతే ఆ మాట మొదటే చెప్పండి. నేను చెప్పాను. షాపాయన అయినా సరే మూడు గంటలు కూర్చోబెట్టి వినిపించాడు. కృతజ్ఞతగా ఆయన దగ్గర ఆ అయిదు మీటర్ల కేబుల్ కొన్నాను. దానికి వోల్టుల గొడవ లేదు కదా.

బిగించిన మొదటి రాత్రి నాన్న ఘంటసాల రికార్డు పెట్టారు. పదిన్నర అయింది. పాట సగంలో అమ్మ లేచి హాల్లోకి వచ్చింది. గొడవ చేస్తున్నామేమో అనుకుని నేను నాబ్ మీద చేయి వేశాను. "తగ్గించకు, మా గదిలోకి సరిగ్గా వినపడట్లేదు" అని వచ్చి నాన్న పక్కన కూర్చుంది.